విదేశాలకు వెళ్ళే ముందు మెడికల్: మన బిడ్డలు తెలుసుకోవలసిన సంగతులు

(బళ్ళారిలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము ఎత్తుకున్న అంశం మామూలుగా సంఘంలో వినబడేది కాదు. విదేశాలకు వెళ్ళబోయేవాళ్ళకు చేసే వైద్య పరీక్ష గురించి మాట్లాడబోతున్నాం. మన వాళ్ళు దాన్ని ఒక్క మాటలో 'మెడికల్' అంటారు. "మెడికల్ అయిందా?" "మెడికల్‌లో పోయింది." ఈ రెండు మాటలు మన వాడల్లో ఎన్ని ఇళ్ళ తలరాతలు మార్చాయో మీకు తెలుసు. అప్పు తెచ్చి, పుస్తెలు కుదువపెట్టి, ఏజెంటు చేతిలో డబ్బు పోసినాక ఒక కాగితం మీద 'అన్‌ఫిట్' అని వస్తుంది. ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పరు. ఆ బిడ్డ ఊరికి తిరిగి వచ్చి నెలల తరబడి గుడికి రాడు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం రోగం పేరు వాళ్ళే పెట్టేస్తారు.

అందుకే ఈ విషయం సంఘంలో మాట్లాడాలి. ఇందులో డబ్బు ఉంది, ఆరోగ్యం ఉంది, మానం ఉంది, న్యాయం ఉంది.

మన బళ్ళారి సంగతి ముందు చెప్పుకుందాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అప్పటినుంచి మనవి రెండు ప్రపంచాలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బంధువులు అనంతపురంలో, కర్నూలులో, కడపలో. రేషన్ కార్డు ఇక్కడ. రాయచోటి వైపు పెళ్ళయి వెళ్ళిన ఆడపడుచు కువైట్‌లో ఉంటే, ఆమె మాట మీద ఇక్కడి చెల్లెలు కూడా బయలుదేరుతుంది. కానీ కర్ణాటక కాగితాలున్న మనిషి ఆంధ్రలో ఏజెంటు దగ్గర డబ్బు కడితే, మోసం జరిగినప్పుడు ఏ రాష్ట్రం పోలీసుల దగ్గరకు పోవాలో తెలియదు. సరిహద్దు జిల్లా కష్టం ఇది. దళారులకు అదే లాభం.

ఈ పరీక్ష కొత్తది కాదు

వలస పోయేవాడి ఒంటిని పరీక్షించడం నిన్న మొన్న మొదలైంది కాదు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ 342 మందితో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళు వాళ్ళు. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు, క్రైస్తవులున్నారు. డిపోలో డాక్టరు చూసి పనికి పనికొస్తారని రాసిన తరువాతే కూలీలను ఓడ ఎక్కించేవారు. అలా వెళ్ళిన మన వాళ్ళ మధ్య పరిచర్య చేయడానికే 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారు నేటాల్ వెళ్ళారు. తెలుగు సంఘం పంపిన మిషనరీ ఆయన. వలసపోయిన తన జనం వెంట సంఘం నడిచిందనడానికి మన చరిత్రలోనే సాక్ష్యం ఉంది.

అమెరికాలో న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవి 1892లో తెరిచారు. అక్కడ దిగిన పేద వలసదారులు మెట్లెక్కుతూ ఉంటే డాక్టర్లు కొన్ని క్షణాల్లో చూసి, అనుమానం వచ్చినవాళ్ళ బట్టల మీద సుద్దముక్కతో ఒక అక్షరం గీసేవారు. కంటి జబ్బుకు ఒకటి, గుండెకు ఒకటి. మొదటి తరగతి టికెట్టు కొన్నవాళ్ళను మాత్రం ఓడలోనే పైపైన చూసి పంపేసేవారు. పేదవాడి ఒంటి మీద ఉన్న అనుమానం ధనికుడి ఒంటి మీద లేదన్నమాట.

ఇంకొకటి మన ఆడబిడ్డలు తప్పక తెలుసుకోవాలి. 1979 జనవరిలో లండన్ హీత్రో విమానాశ్రయంలో, పెళ్ళి చేసుకోవడానికి వెళ్ళిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి కన్యాత్వ పరీక్ష చేశారు. సంగతి పత్రికల్లోకి వచ్చి, రెండు దేశాల్లోనూ గొడవ అయ్యాక బ్రిటిష్ ప్రభుత్వం ఆ పద్ధతిని ఆపింది. అవమానానికి 'వైద్య పరీక్ష' అని పేరు పెట్టినంత మాత్రాన అది వైద్యం అయిపోదు. ఒకరు నోరు విప్పితేనే అది ఆగింది.

గల్ఫ్ మెడికల్‌లో ఏం జరుగుతుంది

సౌదీ అరేబియా, కువైట్, ఎమిరేట్స్, ఖతార్, ఒమాన్, బహ్రెయిన్: ఈ ఆరు దేశాలకు కలిపి ఒకే పద్ధతి ఉంది. దీన్ని పూర్వం 'గామ్కా' అనేవాళ్ళు, ఇప్పటికీ ఏజెంట్ల నోట ఆ మాటే వినిపిస్తుంది. ఇప్పుడు 'వాఫిద్' అనే వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని, రుసుము కట్టి, స్లిప్పు తీసుకుని, అందులో రాసిన కేంద్రానికే వెళ్ళాలి. బళ్ళారిలో అలాంటి కేంద్రం లేదు. హైదరాబాదుకో మంగళూరుకో పోవాలి. మూడు వందల కిలోమీటర్లు దాటిన ప్రయాణం, రాత్రి బస్సు, ఒక రోజు కూలి నష్టం. అందుకే ఒక్కసారికే పని అయ్యేటట్టు సిద్ధపడి వెళ్ళండి.

తీసుకువెళ్ళవలసినవి: పాస్‌పోర్టు అసలుది, దాని జిరాక్సు, స్లిప్పు, ఫొటోలు, మీరు వాడే మందుల చీటీలు, పాత ఎక్స్‌రేలు ఉంటే అవి కూడా. ఇక్కడ ఒక మాట. మన వాళ్ళలో చాలామందికి సంఘంలో ఒక పేరు, సర్టిఫికెట్లలో ఒక పేరు. బాప్తిస్మపు రిజిస్టరులో మేరీ, బడి రికార్డులో మారెక్క. దాని వెనక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దళిత క్రైస్తవుల బాధ, అదంతా వేరే పెద్ద కథ. మెడికల్ దగ్గర మాత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరే, ఆ అక్షరాలే చెప్పండి. రక్తం సీసా మీద, ఎక్స్‌రే మీద, రిపోర్టు మీద అదే పేరు ఉందో లేదో అక్కడే చూసుకోండి.

లోపలికి వెళ్ళాక జరిగేవి ఇవి. ఎత్తు, బరువు, బీపీ, కంటిచూపు చూస్తారు. డాక్టరు గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, చర్మం పరీక్షిస్తాడు. రక్తం, మూత్రం, మలం తీసుకుంటారు. రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా చూస్తారు. షుగరు, కాలేయం, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చూస్తారు. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, టీబీ కోసం. స్త్రీలకు గర్భ పరీక్ష చేస్తారు.

అక్కలారా, చెల్లెళ్ళారా, నెల తప్పిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే గదిలోకి అడుగు పెట్టకముందే చెప్పండి. నెలసరిలో ఉంటే మూత్ర పరీక్షలో రక్తం కనబడి తికమక అవుతుంది, ఆ సంగతి కూడా ముందే చెప్పి ఇంకో రోజు ఇవ్వమని అడగండి. ఎక్స్‌రేకు పై బట్టలు తీయమంటారు, వేసుకోవడానికి గౌను అడగండి. మగ డాక్టరు పరీక్షిస్తుంటే పక్కన ఒక ఆడ నర్సు ఉండాలని అడగండి. ఇలా అడిగితే ఫెయిల్ చేస్తారేమోనని భయపడకండి. గౌరవంగా అడిగిన మాటకు ఎక్స్‌రేలో మచ్చ పుట్టదు.

ముందు రోజు బాగా నిద్రపోండి, నీళ్ళు తాగండి. ఖాళీ కడుపుతో రమ్మన్నారో లేదో ముందే కనుక్కోండి. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు వాడేవాళ్ళు పరీక్ష ఉందని వాటిని ఆపకూడదు. అదుపులో ఉన్న బీపీ కంటే అదుపు తప్పిన బీపీయే మిమ్మల్ని వెనక్కి పంపుతుంది.

అన్‌ఫిట్ ఎందుకు అంటారు? హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పాజిటివ్ వస్తే అంటారు. టీబీ ఉంటే అంటారు. ఎప్పుడో వచ్చి పూర్తిగా నయమైన టీబీ మచ్చ ఎక్స్‌రేలో మిగిలి ఉన్నా అంటారు. ఈ చివరిది మన ప్రాంతానికి గట్టి దెబ్బ. సండూరు గనుల్లో, రాళ్ళు కొట్టే క్రషర్లలో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినవాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు. రాతి పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. అది ఉన్నవాళ్ళకు టీబీ సోకే ప్రమాదం ఎక్కువ. ఎక్స్‌రేలో రెండూ ఒకదాన్ని పోలి ఒకటి కనబడతాయి కూడా. సిలికోసిస్‌ను మన కార్మిక చట్టాలు వృత్తి వ్యాధిగా గుర్తించాయి, నష్టపరిహారం అడిగే హక్కు కూడా ఉంది. కాబట్టి గల్ఫ్ మెడికల్‌లో మచ్చ బయటపడిన గని కూలీ అక్కడితో తల వంచుకుని రాకూడదు. ఆ ఎక్స్‌రే పట్టుకుని ప్రభుత్వాసుపత్రి ఛాతీ డాక్టరు దగ్గరకు పోవాలి. ఆ మచ్చ ఎక్కడిదో తేల్చుకోవాలి.

ఇంకో సంగతి. ఇక్కడ ఫిట్ వచ్చినంతలో అయిపోలేదు. అక్కడ దిగాక, నివాస అనుమతి ఇచ్చే ముందు మళ్ళీ మెడికల్ ఉంటుంది. అందులో అన్‌ఫిట్ అయితే వెనక్కి పంపేస్తారు. అందుకే "లోపల మనవాడున్నాడు, డబ్బిస్తే ఫిట్ చేయిస్తాం" అనే దళారి మాట నమ్మితే మునిగేది మీరే. వేరేవాళ్ళ రక్తం, వేరేవాళ్ళ ఎక్స్‌రే పెట్టించి విమానం ఎక్కితే, అక్కడ రెండో పరీక్షలో పట్టుబడతారు. దళారి ఇక్కడే ఉంటాడు, అప్పు కూడా ఇక్కడే ఉంటుంది.

మిగతా దేశాల సంగతి

అమెరికాకు చదువుకోవడానికి ఎఫ్-1 వీసా మీద, ఉద్యోగానికి హెచ్-1బీ మీద వెళ్ళేవాళ్ళకు మామూలుగా ఈ పరీక్ష ఉండదు. స్థిరపడడానికి వెళ్ళేవాళ్ళకు, అంటే కొడుకో కూతురో పిలిపించుకునే తల్లిదండ్రులకు, గ్రీన్‌కార్డు వీసా వచ్చినవాళ్ళకు ఉంటుంది. కాన్సులేట్ నియమించిన 'ప్యానెల్ ఫిజీషియన్' దగ్గరే చేయించాలి. మన ఊరి డాక్టరు ఎంత పెద్దవాడైనా ఆయన రాసినది చెల్లదు.

అక్కడ ముఖ్యంగా చూసేది మూడు: అంటువ్యాధులు, టీకాలు, మత్తుపదార్థాల అలవాటు లేదా ఇతరులకు హాని కలిగించే మానసిక స్థితి. 15 ఏళ్ళు దాటినవాళ్ళకు ఛాతీ ఎక్స్‌రే, 2 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు టీబీ రక్త పరీక్ష. ఎక్స్‌రేలో అనుమానం ఉంటే కఫం తీసి కల్చరుకు పంపుతారు, దానికి 8 వారాలు పడుతుంది. అది చూసి వీసా పోయిందని ఏడవనక్కర లేదు. టీబీ ఉంటే చికిత్స పూర్తి చేసుకుని వెళ్ళవచ్చు. హెచ్‌ఐవీని అమెరికా 2010 జనవరి 4 నుంచి ఆ జాబితాలోనుంచి తీసేసింది. ఇప్పటికీ కొందరు ఏజెంట్లు హెచ్‌ఐవీ ఉంటే అమెరికా అసలు రానివ్వదని చెబుతూ డబ్బు గుంజుతారు. అది 2010కి ముందు మాట.

టీకాల కార్డు ఉంటే తప్పక తీసుకువెళ్ళండి. లేకపోతే వయసును బట్టి అక్కడే వేస్తారు, ఆ ఖర్చు మీద పడుతుంది. డాక్టరు సీలు వేసిన కవరు ఇస్తే దాన్ని విప్పకండి. ఇంకొకటి గుర్తుంచుకోండి: డాక్టరు తనకు కనబడింది రాస్తాడు, వీసా ఇచ్చేదీ ఇవ్వనిదీ కాన్సులర్ అధికారి.

బ్రిటన్‌కు ఆరు నెలలకు మించి వెళ్ళే నర్సులు, విద్యార్థులు టీబీ సర్టిఫికెట్ చూపించాలి. అది కూడా వాళ్ళు గుర్తించిన క్లినిక్‌లోనే తీసుకోవాలి. సర్టిఫికెట్ గడువు 6 నెలలు. గర్భిణులు ఎక్స్‌రే వద్దనుకుంటే కఫం పరీక్ష అడగవచ్చు. ఆస్ట్రేలియా, కెనడా వెళ్ళేవాళ్ళకు కూడా ప్యానెల్ డాక్టర్లు వేరే ఉంటారు.

నర్సింగ్ చదువుతున్న మన ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు చదువుకునే రోజుల్లోనే వేయించుకోండి. సూది గుచ్చుకుని వచ్చే జబ్బు అది. టీకా ఉండగా ఆ జబ్బుతో గల్ఫ్ దారి మూసుకుపోవడం ఎందుకు?

ఏది ముందు, ఏది తరువాత

దళారులు మన చేత ముందు మెడికల్ చేయిస్తారు, ఆ తరువాత వీసా మాట ఎత్తుతారు. రిపోర్టు గడువు తీరిపోతుంది, మళ్ళీ చేయిస్తారు. ప్రతిసారీ మధ్యలో వాళ్ళ వాటా ఉంటుంది. క్రమం తిరగేయండి. ముందు ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైటులో చూడండి. తరువాత యజమాని పేరు, జీతం, పని రాసిన ఒప్పంద పత్రం చూడండి. ఆ తరువాతే మెడికల్.

1983 నాటి వలస చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు తన సేవలకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. లక్ష, లక్షన్నర అడిగేవాడు చట్టం దాటి అడుగుతున్నాడు. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ కిందికి వస్తుంది. వాళ్ళు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీలకు కనీస వయసు 30 ఏళ్ళు. 25 ఏళ్ళ చెల్లెలిని విజిట్ వీసా మీద పంపి అక్కడ పనిలో పెడతామంటున్నాడంటే, చట్టం కన్నుగప్పి పంపుతున్నాడని అర్థం. ఇంటిపని మనుషులనూ నర్సులనూ ఆ దేశాలకు పంపడానికి ప్రభుత్వ సంస్థలున్నాయి. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివే.

సరైన దారిలో వెళ్ళినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. మన అంశానికి సంబంధించిన సంగతి కూడా ఇందులో ఉంది: మొదటి 12 నెలల్లో ఆరోగ్యం బాగాలేదని యజమాని పనిలోనుంచి తీసేస్తే తిరుగు ప్రయాణపు టికెట్టు ఈ బీమా కింద అడగవచ్చు. విజిట్ వీసా మీద దొడ్డిదారిన వెళ్ళినవాళ్ళకు ఇది ఉండదు. ఇబ్బంది వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోన్ నెంబరు 1800 11 3090 రాసిపెట్టుకోండి.

హైదరాబాదు బస్సు ఎక్కకముందే ఇంకొక పని చేయండి. మన ఊళ్ళోనే ఒకసారి చూపించుకోండి. మనమంతా విమ్స్ అని పిలుచుకునే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బీపీ, షుగరు, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ అక్కడ చూపించుకోవచ్చు. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ముందూ వెనకా కౌన్సెలింగ్ కూడా ఉంటుంది. ఏదైనా ఉంటే అప్పు చేయకముందే తెలుస్తుంది, చికిత్స మొదలవుతుంది. అప్పు చేసినాక తెలియడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

అన్‌ఫిట్ వచ్చినప్పుడు

ఇక సంఘం విషయానికి వస్తాం. ఒక బిడ్డ అన్‌ఫిట్ అయి తిరిగి వస్తే మనం ఏం చేయాలి?

మొదటిది, కారణం తెలుసుకోవడంలో తోడు వెళ్ళాలి. రిపోర్టు కాపీ అడగాలి, మళ్ళీ ఎప్పుడు పరీక్షకు రావచ్చో అడగాలి. ఒక్క స్క్రీనింగ్ పరీక్షతో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేల్చరు, ప్రభుత్వ కేంద్రంలో మళ్ళీ నిర్ధారించుకోవాలి. టీబీ అయితే ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. మధ్యలో ఆపకుండా వాడితే నయమవుతుంది. చికిత్స నడుస్తున్నంత కాలం పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, 2024 నవంబరు నుంచి దాన్ని 500 నుంచి పెంచారు. టీబీ సహాయానికి ఫోన్ 1800 11 6666. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు కూడా ఉచితమే. ఆ మందులు క్రమంగా వాడేవాళ్ళు పనులు చేసుకుంటూ పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లలతో బతుకుతున్నారు.

రెండోది, నోరు కట్టుకోవాలి. సంఘంలో ప్రార్థన విన్నపం పేరిట రహస్యం బయటపడకూడదు. "ఫలానా అక్క మెడికల్‌లో పోయింది, ఆమెకు ఫలానా జబ్బు, అందరూ ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికి వాడంతా తెలుస్తుంది. మరుసటి రోజు ఆమె నీళ్ళ బిందె పక్కన ఎవరూ బిందె పెట్టరు. పేరు లేకుండా ప్రార్థించినా దేవునికి తెలుస్తుంది కదా. ఇది మర్యాద ఒక్కటే కాదు, చట్టం కూడా. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోలు లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఆ సంగతి బయట పెట్టకూడదు. ఉద్యోగంలో, బడిలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదు.

మూడోది, మందులు ఆపమని ఎవరూ చెప్పకూడదు. నూనె రాసి ప్రార్థించండి, తప్పు లేదు. కానీ "నీ విశ్వాసం చాలదు, మాత్రలు ఆపెయ్యి" అని చెప్పినవాడు ఎంత పెద్ద సేవకుడైనా, టీబీ మందు మధ్యలో ఆపించినవాడు ఆ మనిషినీ ఆ ఇంటినీ ప్రమాదంలోకి నెట్టినట్టే. సగంలో ఆపితే మందులకు లొంగని టీబీ పుట్టుకొస్తుంది.

లేవీయకాండము 13, 14 అధ్యాయాలు మీరంతా చదివే ఉంటారు. చర్మం మీద మచ్చ వస్తే యాజకుడు చూస్తాడు, ఏడు రోజులు వేరుగా ఉంచుతాడు, మళ్ళీ చూస్తాడు. అదీ ఒక మెడికలే అనుకోండి. కానీ 13వ అధ్యాయం బయటకు పంపడం గురించి చెబితే, 14వ అధ్యాయం తిరిగి లోపలికి తీసుకురావడం గురించి చెబుతుంది. బాగైనవాణ్ణి వెతుక్కుంటూ యాజకుడే పాళెం వెలుపలికి వెళ్ళాలి. నేటి గల్ఫ్ నిబంధనలో ఆ 14వ అధ్యాయం లేదు. నయమైన టీబీ మచ్చకు కూడా తలుపు మూసేస్తుంది.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠరోగి దగ్గర యేసు రెండు పనులు చేశాడు. ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు. తరువాత యాజకుని దగ్గరకు వెళ్ళి చూపించుకోమన్నాడు. ఊళ్ళో మళ్ళీ బతకాలంటే ఆ మనిషికి ఆ ధృవీకరణ అవసరమని ఆయనకు తెలుసు. సంఘం కూడా ఆ రెండూ చేయాలి. ముట్టుకోవాలి, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే సగం పరిచర్యే.

అడగవలసిన న్యాయం

చివరగా, మనం జాగ్రత్తగా ఉంటే సరిపోతుందా? సరిపోదు. ఈ పద్ధతిలోనే అన్యాయం ఉంది. పని ఇచ్చే యజమాని లాభం కోసం జరిగే పరీక్షకు పనివాడు ఎందుకు డబ్బు కట్టాలి? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో నియామక రుసుములూ ఖర్చులూ అంటే ఏవో నిర్వచించింది. వైద్య పరీక్ష ఖర్చు కూడా అందులో ఉంది, అది పనివాడి నెత్తిన పడకూడదని ఆ సంస్థ సూత్రం. ఆ సూత్రం మన దేశంలో చట్టంగా రావాలని అడగాలి. అన్‌ఫిట్ చేసినప్పుడు కారణం రాసి, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, తెలుగులోనో కన్నడంలోనో చెప్పాలని అడగాలి. అన్‌ఫిట్ అయినవాళ్ళను వీధిలో వదిలేయకుండా సొంత జిల్లా ప్రభుత్వాసుపత్రికి రాతపూర్వకంగా పంపే పద్ధతి కావాలి. నయమైన టీబీని జీవితకాలపు శిక్షగా చూడవద్దని మన ప్రభుత్వం గల్ఫ్ దేశాలతో మాట్లాడాలి. పోషకాహారం లేక, దుమ్ములో పనిచేసి, ఇరుకు ఇళ్ళలో బతికినవాడికి టీబీ వచ్చే ప్రమాదం ఎక్కువ. పేదరికం వల్ల జబ్బు తెచ్చుకున్నవాడికి, ఆ జబ్బు పేరు చెప్పి పేదరికం నుంచి బయటపడే దారి కూడా మూసేయడం న్యాయం కాదు.

ఇక్కడున్న సంఘాలకు మా విన్నపం చిన్నది. ప్రతి సంఘంలో చదువుకున్న ఇద్దరు యువతీయువకులు ఈ పని నేర్చుకోండి. ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు లైసెన్సు చూడడం, వాఫిద్ స్లిప్పు తీయడం, ఒప్పంద పత్రం చదివి వినిపించడం, రిపోర్టు పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తోడు వెళ్ళడం. ఆడవాళ్ళ వెంట ఆడబిడ్డే వెళ్ళాలి. దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు, ఒక ఫోను, కొంచెం ఓపిక, నోరు జారని మనసు ఉంటే చాలు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఇద్దరి పేర్లు మీ కాపరికి ఇవ్వండి. అప్పు కాగితం మీద వేలిముద్ర వేయకముందే మన మనిషి ఆ ఇద్దరి దగ్గరకు రావాలి.

ప్రభువు మిమ్మల్ని, ప్రయాణానికి సిద్ధపడుతున్న బిడ్డలను, వెళ్ళలేక తిరిగి వచ్చిన బిడ్డలను కాపాడును గాక.